ఏ యాంటీవైరస్ వెయ్యమంటావు?

బట్లహళ్ళిలో మా అక్క పట్టుపురుగులింటి గడప ముందర ఒక వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది. అందులో బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు. లోపలికి ఎవరు పోవాలన్నా ఆ నీళ్ళలో కాళ్ళు ముంచి పోవాల్సిందే. బెంగుళూరు నుంచి పోయిన తమ్ముడైనా, రేష్మె ఇలాఖా (పట్టు శాఖ) ఆఫీసరైనా అక్క దగ్గర మినహాయింపు లేదు. పంట ఎత్తాక ఇల్లంతా కడుగుతుంది. బ్లీచింగూ సున్నమూ కలిపి గోడలకు కొడుతుంది. పురుగులు గూళ్ళు కట్టే చంద్రికలు ఎండకేస్తుంది. పురుగులు ఒక్కో జ్వరం నుంచి, అంటే తోలు విడిచి, లేచినప్పుడల్లా విజేత పొడి చల్లుతుంది. ఇదంతా హాలుతొండె భయం. ఆ రోగం తగిలిన పురుగు ఒళ్ళు ఉబ్బి, తోలు పగిలి, పాలలాంటి నీళ్ళు కారుస్తుంది. ఆ నీళ్ళు పడిన ఆకు తిన్న పురుగుకీ అదే గతి. వచ్చాక నయం చేసే మందు లేదు. హాలుతొండె నిజంగానే ఒక వైరస్.

ఆ ఇంట్లోనే, నడవలో కిటికీ పక్కన, కంప్యూటర్ ఉంది. దానికి మాత్రం తొట్టి లేదు, కాళ్ళు కడుక్కోమనేవాళ్ళూ లేరు.

ఒక సాయంత్రం అక్క కూతురు ఫోన్ చేసింది. "మామా, పెండ్రైవ్‌లో ఫోల్డర్లన్నిటికీ బాణం గుర్తులొచ్చినాయి. నొక్కితే నల్ల కిటికీ ఒకటి టక్కుమని వచ్చి పోతాంది. కంప్యూటర్‌లో కూడా ఏందో తేడాగా ఉంది." చింతామణిలో కాలేజీ దగ్గర జిరాక్స్ అంగట్లో ప్రాజెక్టు ప్రింటు తీయించుకుని వచ్చిందంట. ఆ పిల్ల మాట పూర్తికాక ముందే బావ ఫోన్ లాక్కున్నాడు. "బామ్మర్దీ, ఏ యాంటీవైరస్ వెయ్యమంటావో చెప్పు. దుడ్లు ఎంతైనా ఫరవాలేదు, మంచిది చెప్పు."

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. బాగేపల్లి నుంచి అడుగుతారు, మదనపల్లె నుంచి అడుగుతారు, అమెరికా పోయిన పిల్లలు ఊళ్ళో అమ్మానాన్నల కోసం అడుగుతారు. అందరూ ఒక పేరు చెప్పమంటారు. పేరు చెప్పడం తేలికే. కానీ బావ అడిగిన ఆ రోజు నేను పేరు చెప్పలేదు. "ఆదివారం వస్తాను, అందాకా కంప్యూటర్ ఆపేసి పెట్టండి, ఆ పెండ్రైవ్ ఇంక దేంట్లోనూ పెట్టొద్దు" అన్నాను. ఎందుకంటే కొత్తది ఎంచుకునే ముందు, ఇప్పుడు కంప్యూటర్‌లో ఏది కాపలా కాస్తోందో, అసలు కాస్తోందో లేదో చూడాలి. ఈ అధ్యాయంలో నేను మీతో చేయించాలనుకునే మొదటి పని అదే.

ఎర్ర గుర్తు

ఆదివారం పోయి కూచున్నాను. బెంగుళూరు ఎస్పీ రోడ్డు నుంచి చింతామణి అంగడికి, అక్కడి నుంచి ఈ ఇంటికి వచ్చిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ అది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. తెరవడానికే మూడు నాలుగు నిమిషాలు తీసుకుంది. కింద కుడిమూల, గడియారం పక్కన, యాంటీవైరస్ గుర్తు మీద చిన్న ఎర్ర ఇంటూ గుర్తు. నొక్కి చూస్తే గడువు తీరి 14 నెలలయింది. కంప్యూటర్ కొన్నరోజు అంగడి ఆయన ఒక ఏడాది కీ వేసి ఇచ్చాడంట. ఆ ఏడాది అయిపోయిన రోజు నుంచీ తెర మీద ఒక పెట్టె వస్తూనే ఉంది. దాన్ని ఇంట్లో ప్రతి ఒక్కరూ, ప్రతి రోజూ, "రిమైండ్ మీ లేటర్" నొక్కి పంపేస్తున్నారు. బావకి అది ఏదో అంగడి వాళ్ళ ప్రకటన అనుకోవడం. అక్క కూతురికి అది నాన్న చూసుకునే పని అనుకోవడం.

గడువు తీరిన యాంటీవైరస్ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ప్రపంచంలో పర్సనల్ కంప్యూటర్లకు పాకిన తొలి వైరస్‌గా పేరుపడిన 'బ్రెయిన్' 1986లో లాహోరులో పుట్టింది. ఫ్లాపీల మీద ఎక్కి ఊరూరూ తిరిగింది. అప్పట్లో వైరస్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఒక్కోదాని ఆనవాళ్ళు రాసిపెట్టుకుని, వచ్చే ప్రతి ఫైలునీ ఆ ఆనవాళ్ళతో పోల్చి చూడడమే యాంటీవైరస్ పని. ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్ అనే పరీక్షా సంస్థ నమోదు చేస్తున్న కొత్త హానికర ప్రోగ్రాములు రోజుకు 4,50,000 పైచిలుకు. ఆనవాళ్ళతో పాటు ఫైలు నడవడిక కూడా చూసి అనుమానించే తెలివి ఈనాటి యాంటీవైరస్‌కి వచ్చింది. తెలియని ఫైలు కనిపిస్తే ఇంటర్నెట్‌లో తన కంపెనీని అడిగి తేల్చుకుంటుంది. కానీ దీనికంతా రోజూ కొత్త సమాచారం అందుతూ ఉండాలి. 14 నెలలుగా ఆ సమాచారం అందనిది కొత్తగా వచ్చినవాటిలో చాలావాటిని గుర్తుపట్టలేదు.

ఇంకో నష్టం కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, విండోస్‌తో పాటే ఒక యాంటీవైరస్ వస్తోంది. ఇప్పుడు దాని పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. మీరు బయటిది ఏదైనా వేస్తే ఇది మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు ఒక ఫైలు మీదే పడితే రెండూ పెనుగులాడి కంప్యూటర్ మొరాయిస్తుంది కాబట్టి అలా తప్పుకోవడం మంచిదే. కానీ బయటిదానికి గడువు తీరి, అది కంప్యూటర్‌లోనే తిష్ఠ వేసుకుని ఉంటే, ఇది మళ్ళీ ముందుకు రాకుండా ఉండిపోవచ్చు. మా అక్క ఇంట్లో జరిగింది ఇదే. దుడ్లు పెట్టి కొన్నది పనిచేయడం లేదు, ఊరికే వచ్చినదాన్ని పనిచేయనివ్వడం లేదు.

మీరు ఇప్పుడే చూడండి. స్టార్ట్ నొక్కి "విండోస్ సెక్యూరిటీ" అని టైపు చేయండి. అందులో "వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్" తెరవండి. ఇప్పుడు కాపలా ఎవరిదో అక్కడ పేరు ఉంటుంది. ఆనవాళ్ళు చివరిసారి ఎప్పుడు తెచ్చుకుందో తేదీ, టైమూ ఉంటాయి. ఆ తేదీ నిన్నటిదో ఇవాళ్టిదో అయి ఉండాలి. మన పల్లెల్లో చాలామంది సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌తోనే నెట్ వాడతారు. డేటా అయిపోతుందని దాన్ని "మీటర్డ్ కనెక్షన్" అని పెట్టుకుంటారు. అలా పెడితే అప్‌డేట్లు వాటంతట అవి దిగకుండా ఆగిపోవచ్చు. అలాంటివాళ్ళు రోజుకోసారి "చెక్ ఫర్ అప్‌డేట్స్" చేత్తో నొక్కాలి.

బావకి ఇది చూపించేసరికి ఆయన మొహం మాడిపోయింది. "అయితే ఏడాది పైన ఈ ఇంటికి కాపలా లేదన్నమాట" అన్నాడు. తలూపాను.

ఎంచుకోవడం

గడువు తీరినదాన్ని తీసేశాను. కంట్రోల్ ప్యానెల్‌లో తీసినా కొన్ని యాంటీవైరస్‌ల తోకలు మిగిలిపోతాయి. వాటిని పూర్తిగా ఊడ్చడానికి ఆ కంపెనీయే ఒక తొలగింపు టూల్ ఇస్తుంది, అది వాడాలి. కంప్యూటర్ ఒకసారి ఆపి తెరిచాక డిఫెండర్ లేచింది. "ఇంక దీన్నే ఉంచుదాం బావా, కొత్తది కొనొద్దు" అన్నాను.

ఆయనకి నచ్చలేదు. ఊరికే వచ్చేదాని మీద మనకు గురి కుదరదు, అది సహజమే. అందుకే ఎవరి మాటా వినకుండా పరీక్షల ఫలితాలు చూడమంటాను. ఏవీ-టెస్ట్ వాళ్ళు ప్రతి రెండు నెలలకూ ఇంటి వాడకపు యాంటీవైరస్‌లను పరీక్షించి మూడు విషయాల్లో మార్కులు వేస్తారు. కాపాడే శక్తికి 6, కంప్యూటర్‌ను నెమ్మది చేయకుండా ఉండడానికి 6, మంచి ఫైలును తప్పుగా పట్టుకోకుండా ఉండడానికి 6. మొత్తం 18. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. ఈ రెండు చోట్లా ఫలితాలు ఎవరైనా ఊరికే చూడొచ్చు. కొన్నేళ్ళుగా డిఫెండర్ ఈ పరీక్షల్లో దుడ్లు పెట్టి కొనేవాటి సరసనే నిలుస్తోంది. మీరు చూసేటప్పుడు మొదటి మార్కు ఒక్కటే చూడకండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌కి రెండో మార్కు కూడా అంతే ముఖ్యం. యాంటీవైరస్ వేశాక పహణి తెరవడానికే పది నిమిషాలు పడితే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు విసుగెత్తి దాన్ని ఆపేస్తారు. ఆపేసిన రోజే రోగం వస్తుంది.

మరి కొనాల్సినవాళ్ళు ఎవరు? ఇంట్లో నాలుగైదు కంప్యూటర్లూ ఫోన్లూ ఉండి అన్నింటినీ ఒక చోటి నుంచి చూసుకోవాలనుకునేవాళ్ళు, పిల్లల కోసం కట్టుబాట్లు పెట్టుకోవాలనుకునేవాళ్ళు, ఏదైనా అయితే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి కావాలనుకునేవాళ్ళు. ఆ మూడో అవసరం మన పల్లెల్లో తక్కువదేమీ కాదు. మన దేశంలోనే ఈ పని చేసే కంపెనీలు ఉన్నాయి. చెన్నైలోని కే7 1991లో మొదలైంది. పూణేలోని క్విక్‌హీల్ పెట్టిన కైలాస్ కాట్కర్ పదో తరగతితో చదువు ఆపి, క్యాలిక్యులేటర్లు రిపేరు చేస్తూ పైకొచ్చిన మనిషి. కంప్యూటర్ చదివిన తమ్ముడు సంజయ్ కాట్కర్ అన్న అంగట్లోకి రిపేరుకొచ్చే వైరస్ కంప్యూటర్లను చూసి టూల్ రాశాడు. అది పెరిగి కంపెనీ అయింది. నాకు ఆ అన్నదమ్ముల కథ చాలా ఇష్టం. అయినా కథను బట్టి కొనమని చెప్పను. పరీక్ష ఫలితం చూసి, గడువు తేదీ చూసి కొనండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి ఏడాది ధర తక్కువ పెట్టి రెండో ఏడాది పెంచడం ఈ వ్యాపారంలో మామూలు, అందుకని రెండో ఏడాది ధర అడగండి. కార్డుతో కొంటే తనంతట తాను రెన్యువల్ అయ్యే ఏర్పాటు ఉందేమో చూడండి. సీలు వేసిన పెట్టెలో కాకుండా వాట్సాప్‌లోనో చీటీ మీదో రాసి ఇచ్చే కీ తీసుకోకండి. గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద, ఆ నెల కాగితం మీదే రాయండి. ఏడాది తరవాత రెన్యువల్ చేస్తామని నమ్మకం లేకపోతే అసలు కొనకండి, డిఫెండర్‌నే ఉంచండి. ఇది నా గట్టి మాట.

ఊరికే ఇచ్చేవన్నీ ఒకటే అనుకోవద్దు. అవాస్ట్ అనే పేరున్న ఉచిత యాంటీవైరస్ తన వాడుకదార్లు ఏ ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే తన కంపెనీ ద్వారా అమ్మింది. 2020లో ఆ సంగతి బయటపడి గోల కాగానే జంప్‌షాట్‌ను మూసేసింది. 2024లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ అవాస్ట్‌కు 1.65 కోట్ల డాలర్లు కట్టాలని చెప్పింది. యాంటీవైరస్ అనేది కంప్యూటర్‌లో అన్ని గదుల తాళాలూ చేతిలో ఉన్న ప్రోగ్రాము. మీ ప్రతి ఫైలూ అది తెరిచి చూస్తుంది. దాన్ని ఇంట్లోకి రానిచ్చేటప్పుడు ఎవరిది, ఎలా బతుకుతోంది అని అడగడం తప్పు కాదు. అలాంటి ప్రోగ్రాము ఎంత లోతుగా ఉంటుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. పెద్ద సంస్థలు వాడే క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ ప్రోగ్రాముకు ఒక తప్పు అప్‌డేట్ వెళ్ళింది. 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపించి ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

చిత్తూరు పోలీసుల కంప్యూటర్లు

ఇంత చెప్పాక కూడా, యాంటీవైరస్ ఒక్కటే చాలదని మీకు నమ్మకం కుదరాలి. దానికి మన పొరుగునే జరిగిన ఒక సంగతి చెప్తాను.

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. రాన్సమ్‌వేర్ అంటే మన ఫైళ్ళకు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగే ప్రోగ్రాము. 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. నాలుగు రోజుల్లో 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. మరుసటి రోజుకే మన కర్ణాటక సరిహద్దు దాటగానే వచ్చే చిత్తూరు జిల్లాలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో మరికొన్ని జిల్లాల్లోనూ పోలీసుల కంప్యూటర్లు దీనికి చిక్కాయి. అక్కడ ఎవరూ తప్పు లింకు నొక్కాల్సిన పని లేదు. విండోస్‌లో ఒక కన్నం ఉంది, నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌కి సోకితే ఆ కన్నంలోంచి పక్క కంప్యూటర్‌లోకి దానంతట అదే దూరింది. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాదాపు రెండు నెలల ముందు! ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలోకి వానాక్రై ఆ దారిన దూరలేకపోయింది. చిక్కినవాటిలో ఎక్కువ భాగం అప్‌డేట్ వేయని విండోస్ 7 కంప్యూటర్లు.

అందుకే "విండోస్ అప్‌డేట్" వచ్చినప్పుడు, పనికి అడ్డమని, డేటా పోతుందని వాయిదా వేయకండి. రాత్రి అన్నం తినేటప్పుడు వదిలేస్తే అయిపోతుంది. విండోస్ 7కి 2020 జనవరి 14తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగాయి. ఇళ్ళవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ పెట్టింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఆ నమోదు బటన్ కనిపిస్తుంది. ఎస్పీ రోడ్డు నుంచి వచ్చే పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అలాంటిదాంట్లో పిల్లల చదువూ, ఇంటర్నెట్టూ మాత్రమే అయితే ఉబుంటు లాంటి లినక్స్ వేసుకోవడం మంచి దారి. నుడి, అను స్క్రిప్ట్ లాంటి టైపింగ్ ప్రోగ్రాములు వాడే డీటీపీ పని ఉన్నవాళ్ళకు అది కుదరదు, వాళ్ళు కంప్యూటర్ మార్చడానికి డబ్బు పోగుచేసుకోవాలి. యాంటీవైరస్ కొనే దుడ్లు కూడా అందులోనే వేయమంటాను.

దొంగ కీ

అక్క ఇంటి కంప్యూటర్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది జిరాక్స్ అంగడి పెండ్రైవ్ కాదు. డిఫెండర్ లేచాక దాని సెట్టింగ్స్‌లో "ఎక్స్‌క్లూజన్స్" అనే చోట చూశాను. ఆ ఫోల్డర్ల జోలికి పోవద్దు, అక్కడ ఏమున్నా చూడొద్దు అని డిఫెండర్‌కి చెప్పే జాబితా అది. ఇంట్లో ఎవరూ దాన్ని తెరిచి ఎరగరు. అయినా అందులో ఒక ఫోల్డర్ పేరు ఉంది.

అది ఎలా వచ్చిందో చెప్పడం కష్టం కాదు. విండోస్‌ను దుడ్లు పెట్టి కొనకుండా, "యాక్టివేటర్" అనే దొంగ టూల్‌తో నడిపించి ఇవ్వడం సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల దగ్గర మామూలు. ఆ టూల్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. ఆపి, తన ఫోల్డర్‌ను మినహాయింపుల్లో రాయించుకుని కూచుంటుంది. దాని వెనక ఇంకేమి దాక్కుందో డిఫెండర్ చూడదు. మీరు ఎంత ఖరీదైనది కొని వేసినా సరే, దాంట్లోనూ ఇలా మినహాయింపు రాస్తే అదీ చూడదు. పురుగులింటి ముందర తొట్టి పెట్టి, వెనక తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు.

ఆ మినహాయింపు తీసేసి, ఫుల్ స్కాన్ పెట్టి, దాని తరవాత "డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్" పెట్టాను. ఇది విండోస్ తెరుచుకోక ముందే చూస్తుంది కాబట్టి దాక్కున్నవి దొరుకుతాయి. కంప్యూటర్ ఆగి, తెరుచుకుని, పావుగంటలో పని ముగిస్తుంది. ఆ తరవాత బావని కూచోబెట్టి అసలు లైసెన్సుతో విండోస్ మొదటి నుంచీ వేయించే సంగతి మాట్లాడాను. దొంగ యాక్టివేటర్ నడిచిన కంప్యూటర్‌ను ఎన్నిసార్లు స్కాన్ చేసినా నాకు పూర్తి నమ్మకం కుదరదు. మీకు కంప్యూటర్ అమ్మే మనిషిని మీరు అడగాల్సిన మొదటి మాట కూడా ఇదే: విండోస్ అసలుదేనా, బిల్లు మీద రాసిస్తావా?

బాణం గుర్తుల పెండ్రైవ్

పిల్ల ప్రాజెక్టు సంగతి మరిచిపోలేదు. బాణం గుర్తుల వైరస్ ఫైళ్ళను చెరపదు, కనిపించకుండా దాచేస్తుంది. ప్రతి ఫోల్డర్ పేరుతో ఒక షార్ట్‌కట్ చేసి ముందర పెడుతుంది. ఎడమ మూలన వంకర బాణం ఉండేది ఆ షార్ట్‌కటే. దాన్ని నొక్కితే ముందు వైరస్ నడిచి, తరవాత కొన్నిసార్లు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది, అందువల్ల అనుమానం రాదు. కాబట్టి బాణం కనిపిస్తే నొక్కొద్దు, ఫార్మాట్ కూడా చేయొద్దు. శుభ్రమైన కంప్యూటర్‌లో పెట్టి, పెండ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, డిఫెండర్‌తో స్కాన్ చేయించాలి. షార్ట్‌కట్లను చెరిపేయాలి. తరవాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో "వ్యూ" కింద, దాచిన ఫైళ్ళు చూపించమని గుర్తు పెట్టి, దాని కిందనే "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గరున్న టిక్ తీసేయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోయి, ఫైళ్ళు పోయాయని ఏడుస్తారు. మా పిల్ల ప్రాజెక్టు రెండో టిక్ తీయగానే, పలచగా, మసకగా, ఒక్కో ఫోల్డరే తెర మీదికి వచ్చింది. "ఉంది మామా, అంతా ఉంది!" అని అరిచింది. అక్క పురుగులింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

జిరాక్స్ అంగడి వాళ్ళను తిట్టి లాభం లేదు. రోజుకు నూరు పెండ్రైవ్‌లు పెట్టే చోట అది జరుగుతుంది. ప్రింటుకు పోయేటప్పుడు పీడీఎఫ్ చేసి మెయిల్లో పంపడం మేలు. పెండ్రైవే కావాలంటే, ప్రింటుకు మాత్రమే ఒక పాతది వేరే పెట్టుకోండి. అందులో ప్రింటు ఫైలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇంటికి రాగానే ముందు స్కాన్. వైరస్ పట్టిన కంప్యూటర్లను ఊరికే శుభ్రం చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర కూడా టూల్స్ ఇస్తోంది. సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడుపుతుంది దాన్ని. బయట దొరికే పేరు తెలియని క్లీనర్లకు పోవడం కంటే ఇది నయం.

మీ యాంటీవైరస్ మెలకువగా ఉందో లేదో పరీక్షించడానికి ఒక హానిలేని ఫైలు ఉంది. ఐకార్ అనే సంస్థ తయారుచేసింది, మొత్తం 68 అక్షరాలే. నిజం వైరస్ కాదు, కానీ ప్రతి యాంటీవైరస్ దాన్ని చూసి అరవాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ సంస్థ వెబ్‌సైట్ నుంచే మా పిల్ల దింపింది. ఫైలు దిగిందో లేదో, మూలన డిఫెండర్ పెట్టె లేచింది. ఆ రోజు బావకి ఊరికే వచ్చేదాని మీద గురి కుదిరింది.

ఇంకో రెండు మాటలు త్వరగా. ఇంటర్నెట్ చూస్తుండగా తెరంతా ఎర్రగా మారి, సైరన్ మోగుతూ, "మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తే, అది యాంటీవైరస్ కాదు. నిజమైన యాంటీవైరస్ అలా ఫోన్ నంబరు ఇచ్చి బెదిరించదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ లాంటిది వేసి, డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు బ్యాంకుల్లో ఆగే అవకాశం అంత ఎక్కువ. రెండోది, వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక అనో, పీఎం కిసాన్ అనో వచ్చే ఏపీకే ఫైళ్ళు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్ళు. కంప్యూటర్ యాంటీవైరస్‌కీ వాటికీ సంబంధం లేదు, కానీ బ్యాంకు ఖాతా ఉండేది ఫోన్‌లోనే కాబట్టి అడగకపోయినా చెప్తున్నాను. పెళ్ళి పత్రిక ఏపీకేగా రాదు. ఎవరు పంపినా తెరవొద్దు.

బీరువాలో హార్డ్ డిస్క్

మిగిలిన దుడ్లతో బావ ఏం కొన్నాడో చెప్పాలి. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాడు. అక్క పెళ్ళి ఫోటోలు, బోరు లోను కాగితాల స్కాన్లు, పంటపంటకీ గూళ్ళ లెక్క రాసుకున్న ఎక్సెల్ ఫైలు, పిల్ల చదువు కాగితాలు అన్నీ అందులోకి కాపీ చేశాం. రాన్సమ్‌వేర్ తాళం వేస్తే, తగిలించి ఉన్న డిస్క్‌కి కూడా వేస్తుంది. అందుకని కాపీ అయిపోగానే దాన్ని తీసేసి, ఇనప బీరువాలో, పహణీలు పెట్టే అరలో పెట్టారు. నెలకోసారి గుర్తుంచుకోవడం కష్టమని అక్క కూతురే ఒక ఉపాయం చెప్పింది. పురుగుల పంట సుమారు నెలకొకటి వస్తుంది. గూళ్ళు తీసుకుని బావ శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయిన రోజు తను డిస్క్ బయటికి తీస్తుంది. ఆ రోజే గడువు తేదీలూ, అప్‌డేట్ తేదీలూ చూస్తుంది.

పోయిన పంటకి నేను మళ్ళీ వెళ్ళాను. పక్కింటి పిల్లాడు ఏదో ప్రింటు కావాలని పెండ్రైవ్ చేత్తో పట్టుకుని నడవలోకి వచ్చాడు. అక్క అప్పుడే పురుగులింట్లోంచి బయటికి వస్తోంది, కాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. వాడు కంప్యూటర్ దగ్గరికి పోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడే ఉండు నాయనా. పాప వచ్చి స్కాన్ చేసినాక పెడుదువులే."